ప్రజాభిప్రాయ సేకరణలో మా మాటకు విలువ ఉంటుందా?

భూమి – కాగితం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

(పాత వరంగల్ జిల్లాలో రెవెన్యూ శాఖలో పనిచేసి, డిప్యూటీ తహసీల్దార్‌గా రిటైరై హనుమకొండలో ఉంటున్న మా శీర్షిక రచయిత ఈ నెల నాలుగు ఉత్తరాలకు జవాబులిస్తున్నారు.)

ప్రశ్న: మాది హుజూరాబాద్ దగ్గర ఒక చిన్న ఊరు. ఊరి వెనక గుట్ట మీద ఇప్పటికే గ్రానైట్ క్వారీ ఉంది. ఇప్పుడు ఇంకో మూడింటికి కలిపి ప్రజాభిప్రాయ సేకరణ పెడుతున్నామని పంచాయతీ గోడకు నోటీసు అంటించారు. మా ఆయన "పోయి ఏం లాభం, అంతా ముందే మాట్లాడుకుని ఉంటరు" అంటున్నాడు. మా వ్యవసాయ బావి గుట్టకు చాలా దగ్గర. నేను మహిళా సంఘంలో ఉన్నాను, పది మందిని వెంట తీసుకుపోగలను. మా మాటకు విలువ ఉంటుందా? అక్కడ ఏం మాట్లాడాలి?
– ఒక సోదరి, కరీంనగర్ జిల్లా

జవాబు: తప్పకుండా వెళ్లండి చెల్లెమ్మా. మీ ఆయన కోపానికి కారణం ఉంది, కాదనను. కానీ ముందే ఎవరు ఏం మాట్లాడుకున్నా, ఆ రోజు మీరు చెప్పింది రికార్డులోకి ఎక్కితే దానికి క్వారీ పెట్టేవాళ్లు రాతపూర్వకంగా జవాబు చెప్పుకోవాలి. ఎక్కకపోతే మీరు ఆ సభకు రానట్టే లెక్క.

ఒక నిజం ముందే చెప్పాలి. అది ఓటింగ్ కాదు. ఊరంతా చేతులెత్తి వద్దన్నా అక్కడికక్కడ అనుమతి ఆగిపోదు. ఇంత మంది ఉండాలన్న కోరం కూడా లేదు. నలుగురే వచ్చినా సభ జరిగినట్టే రాసుకుంటారు. అందుకే "బహిష్కరిద్దాం" అని ఇంట్లో కూర్చోవడం నాకు ఎప్పుడూ నచ్చలేదు. మనం లేని సభ మినిట్స్‌లో, అంటే అక్కడ జరిగింది రాసే రికార్డులో, "ఎవరూ అభ్యంతరం చెప్పలేదు" అన్న ఒక్క వాక్యం చాలు, తరువాత ఎన్ని ఆఫీసులు తిరిగినా దాన్నే చూపిస్తారు.

ఈ సభ ఎలా జరగాలో 2006 సెప్టెంబర్ 14 నాటి కేంద్ర పర్యావరణ శాఖ నోటిఫికేషన్‌లో ఉంది. కాలుష్య నియంత్రణ మండలి ఏర్పాటు చేస్తుంది. కలెక్టర్ గానీ, అదనపు జిల్లా మేజిస్ట్రేట్ హోదాకు తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహించాలి. కనీసం 30 రోజుల ముందు పేపర్లో ప్రకటన రావాలి. అంటే ఆ నెల రోజులూ మీవే. క్వారీ వల్ల చుట్టుపక్కల పర్యావరణం మీద పడే ప్రభావం గురించి క్వారీ వాళ్లు తయారు చేయించిన నివేదిక, దాని తెలుగు సారాంశం కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్‌లో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో, మీ పంచాయతీలో చూడటానికి పెట్టాలి. పంచాయతీకి వెళ్లి అడగండి. లేదంటే ఊరుకోవద్దు. "ఫలానా తేదీన వచ్చాను, నివేదిక లేదన్నారు" అని ఒక దరఖాస్తు ఇచ్చి రశీదు తీసుకోండి. ఆ రశీదు తరువాత చాలా పనికొస్తుంది.

నివేదిక చేతికి వస్తే లావు చూసి భయపడొద్దు. మొత్తం చదవనక్కర్లేదు. దగ్గరి ఇల్లు ఎంత దూరం అని రాశారు? బావులు, బోర్లు ఎన్నని రాశారు? మీ చెరువు పేరు అందులో ఉందా, లేదా? సంఘంలో చదువుకున్న అమ్మాయి ఎవరైనా ఉంటే పెన్సిల్ పట్టుకుని ఈ మూడూ వెతకమనండి. తరువాత గుట్ట నుంచి మీ బావి దాకా టేపు పట్టి కొలవండి. కాగితం మీద ఉన్న దూరం, నేల మీద ఉన్న దూరం ఒకటి కాకపోతే, సభలో మీరు చెప్పాల్సిన మొదటి మాట అదే.

సర్వీసులో నేను చాలా సభలు చూశాను. ఒకటి మాత్రం కళ్ల ముందు నుంచి పోదు. బడి ఆవరణలో షామియానా, ముందు వరుసలో క్వారీ వాళ్లు తెచ్చుకున్న మనుషులు, వెనక ఊరి జనం. మైకు కోసం కొట్లాట. రెండు గంటలు అరుపులే. చివర్లో అరవై ఏళ్లు దాటిన ఒక అవ్వ హార్లిక్స్ సీసా పట్టుకుని వచ్చింది. దాని నిండా వాళ్ల బోరు నీళ్లు, బియ్యం కడిగిన నీళ్లలాగ తెల్లగా ఉన్నాయి. బల్ల మీద పెట్టి, కొంగుకు ముడేసుకున్న చీటీ విప్పి మనవడితో చదివించింది. సర్వే నంబర్, బోరు వేసిన సంవత్సరం, అప్పుడు ఎన్ని ఫీట్లకు నీళ్లు పడ్డాయి, ఇప్పుడు ఎన్ని ఫీట్లకు పోయాయి, గుట్టకు ఎన్ని గజాలు. అంతే. నిమిషం పట్టలేదు.

కాలుష్య మండలి అధికారి చెబుతుంటే ఆ మినిట్స్ తెలుగులో రాసింది నేనే. రెండు గంటల అరుపులూ "కొందరు గ్రామస్తులు అభ్యంతరం వ్యక్తం చేశారు" అని ఒకే వాక్యమైంది. అంతకంటే రాయడానికి అందులో ఏమీ దొరకలేదు. అవ్వ మాట మాత్రం ఒక పూర్తి పేరా అయింది, ఎందుకంటే అందులో నంబర్లున్నాయి. క్వారీ వాళ్లు ఆ పేరాకు విడిగా సమాధానం ఇవ్వాల్సి వచ్చింది. తరువాత వచ్చిన అనుమతి పత్రంలో చుట్టుపక్కల బావుల నీటి మట్టం ఏడాదికి నాలుగుసార్లు కొలవాలన్న షరతు ఉంది. క్వారీ ఆగలేదు, నిజమే. కానీ ఆ షరతు పట్టుకుని అడగడానికి ఆ ఊరికి ఒక ఆధారం దొరికింది.

కాబట్టి పది మందిని తీసుకుపోతే పది మందితో ఒకే మాట చెప్పించొద్దు. ఒకరు బావి గురించి, ఒకరు పత్తి మీద పడే దుమ్ము గురించి, ఒకరు బడి ముందు నుంచి పోయే లారీల గురించి, ఒకరు బ్లాస్టింగ్ టైమ్ గురించి, ఇంకొకరు గుట్ట మీద మేకలు మేపుకునే దారి గురించి. ఎవరి మాట వాళ్లది, ఎవరి సర్వే నంబర్ వాళ్లది. ప్రతి ఒక్కరూ రెండు కాపీలు రాసుకుని రండి. ఒకటి అధికారికి ఇచ్చి, రెండోదాని మీద ముట్టినట్టు సంతకం తీసుకోండి. మైకు దొరక్కపోయినా రాతలో ఇచ్చింది పోదు.

సభ అయిపోయిందనగానే లేచి రావద్దు. చాలా మంది ఇక్కడే పొరపాటు చేస్తారు. ఎండకు తాళలేక, బస్సు టైమ్ అయిందని వెళ్లిపోతారు. సభలో ఎవరెవరు ఏమన్నారో రాసింది చివర్లో అందరికీ తెలుగులో చదివి వినిపించాలి, అదే రోజు అధ్యక్షత వహించిన అధికారి సంతకం చేయాలి. రూల్‌లోనే ఉంది. చదివేటప్పుడు మీ మాట వినపడకపోతే అక్కడే నిలబడి "మా బావి సంగతి రాయలేదు" అని చెప్పండి. సభ అంతా వీడియో తీస్తారు, మీరు లేచి అడిగింది కూడా అందులో పడుతుంది.

మీ నోటీసులో "మూడు కలిపి" అని ఉంది కదా, దాని గురించి కూడా. 5 హెక్టార్లకు, అంటే సుమారు 12 ఎకరాల 14 గుంటలకు మించని ఒంటరి చిన్న క్వారీకి ఈ సభ ఉండదు. కానీ ఒక లీజు హద్దుకు, ఇంకో లీజు హద్దుకు మధ్య 500 మీటర్ల కంటే తక్కువ ఉంటే వాటి విస్తీర్ణాన్ని ఒక క్లస్టర్‌గా, అంటే ఒకే గుంపుగా, కలిపి చూడాలి. కొన్ని ఊళ్లలో ఒకే గుట్టను నాలుగైదు ముక్కలు చేసి, వేర్వేరు పేర్ల మీద దరఖాస్తు పెట్టి ఈ సభ నుంచే తప్పించుకుంటున్నారు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. మీ గుట్ట మీద పాత క్వారీ విస్తీర్ణం కూడా ఈ లెక్కలో చేర్చారా లేదా అడగండి.

రేపు పర్యావరణ అనుమతి వచ్చినా దారి మూసుకుపోదు. అది బయటికి వచ్చిన 30 రోజుల్లోపు చెన్నైలో ఉన్న జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచ్‌లో అప్పీలు వేయొచ్చు. సరైన కారణం చూపిస్తే ఇంకో 60 రోజులు ఇస్తారు, ఆ తరువాత ఇక వినరు. ఆ అప్పీలులో మీకు ఆధారం ముట్టినట్టు సంతకం ఉన్న మీ కాపీయే.

ములుగు, భద్రాద్రి, ఆసిఫాబాద్ వైపు ఏజెన్సీ ఊళ్ల నుంచి కూడా ఈ ప్రశ్న తరచూ వస్తోంది. మీకు చట్టం ఇంకా గట్టిగా ఉంది. ఏజెన్సీ ఊళ్ల గ్రామసభలకు, పంచాయతీలకు అధికారాలిచ్చిన 1996 పెసా చట్టం ప్రకారం చిన్న తరహా ఖనిజాల లీజుకు ముందుగా గ్రామసభ గానీ, తగిన స్థాయి పంచాయతీ గానీ సిఫార్సు చేయాలి. ఏజెన్సీలో ప్రభుత్వ భూమిని గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు మైనింగ్ లీజుకు ఇవ్వడం చెల్లదని 1997లో సుప్రీంకోర్టు, సమత అనే సంస్థ వేసిన కేసులో చెప్పింది. ఆ కేసు మొదలైంది అప్పటి విశాఖ జిల్లా బొర్రా గుహల దగ్గరి ఊళ్లలో, తీర్పు మాత్రం మన గోదావరి ఒడ్డు గూడేలకూ వర్తిస్తుంది.

ప్రశ్న: భూపాలపల్లి దగ్గర ఓపెన్‌కాస్ట్ గని పక్కన మా ఇల్లు. మధ్యాహ్నం బ్లాస్టింగ్ చేస్తే గిన్నెలు కదులుతాయి. గోడలు పగిలాయి. అడిగితే "మీ ఇల్లు పాతది, పునాది సరిగా లేదు" అంటున్నారు. ఎలా నిరూపించాలి?
– ఒక పాఠకుడు

జవాబు: తమ్ముడూ, పగులు చూపిస్తే సరిపోదు. అది పెరుగుతోందని చూపించాలి. మా ఊరి మేస్త్రీ ఒకాయన నేర్పిన పద్ధతి చెబుతాను. కిటికీ అద్దం ముక్క, బెత్తెడు పొడవుది తీసుకుని, పగులుకు అడ్డంగా పెట్టి రెండు చివరలా సిమెంట్‌తో అతికించండి. సిమెంట్ మీద తడి ఆరకముందే మేకుతో తేదీ గీయండి. ఫొటో తీయండి. గోడ కదిలితే అద్దం పుటుక్కున పగులుతుంది. పగిలిన రోజు మళ్లీ ఫొటో తీయండి, ఆ రోజు బ్లాస్టింగ్ ఎన్ని గంటలకు జరిగిందో ఒక నోట్‌బుక్‌లో రాయండి. మూడు నెలలు ఇలా చేస్తే ఆ నోట్‌బుక్కే మీ సాక్షి.

గనుల భద్రతా డైరెక్టరేట్ 1997లో ఇచ్చిన 7వ సర్క్యులర్ ప్రకారం, గని యజమానికి చెందని మామూలు ఇళ్ల దగ్గర నేల అదురు సెకనుకు 5 మిల్లీమీటర్లు దాటకూడదు. ఇది తక్కువ ఫ్రీక్వెన్సీకి చెప్పిన హద్దు, ఫ్రీక్వెన్సీ పెరిగితే 10, 15 దాకా ఒప్పుకుంటారు. దాన్ని కొలిచే యంత్రం ఉంటుంది. "మా ఇంటి ముందు యంత్రం పెట్టి రీడింగ్ తీయండి, తీసిన రీడింగుల కాపీ ఇవ్వండి" అని గని మేనేజర్‌కు రాతలో అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద 10 రూపాయలతో దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబు రావాలి. ఒక కాపీ హైదరాబాద్‌లో ఉన్న గనుల భద్రతా డైరెక్టరేట్ ఆఫీసుకు రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. మీ గల్లీలో ఇంకా ఎవరి ఇళ్లు పగిలాయో వాళ్లందరి గోడలకూ అద్దం ముక్కలు పెట్టించండి. ఒక్క ఇల్లు పగిలితే పునాది తప్పంటారు, వరుసగా పది ఇళ్లు పగిలితే ఆ మాట నిలవదు.

ప్రశ్న: ఖిలా వరంగల్‌లో మా తాతల నాటి పెంకుటిల్లు ఉంది. కూలగొట్టి డాబా వేసుకుందామంటే పర్మిషన్ రాదంటున్నారు. సొంత జాగాలో ఇల్లు కట్టుకోవడానికి కూడా హక్కు లేదా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మీ బాధ కోటలో ఉన్న ప్రతి ఇంటిదీ. కేంద్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం. 2010లో చట్టం సవరించాక ఇది ఇంకా గట్టిపడింది. ఆ తరువాతి 200 మీటర్లలో అనుమతితో కట్టుకోవచ్చు. కాబట్టి ముందు మీ ఇల్లు ఏ హద్దులో ఉందో సర్వేయర్‌తో కొలిపించి తెలుసుకోండి. కొలత కట్టడం గోడ నుంచి కాదు, రక్షిత స్థలం హద్దు నుంచి. 100 మీటర్ల లోపే అయితే డాబా కుదరదు. అయితే 1992 జూన్ 16 కంటే ముందు కట్టిన ఇంటికి మరమ్మతు చేసుకోవడానికి, బాగు చేసుకోవడానికి అనుమతి అడగొచ్చు. మీది తాతల నాటిది కాబట్టి పాత ఇంటి పన్ను రశీదులు, కరెంటు బిల్లులు వెతికి పెట్టుకోండి. అనుమతి రాకుండా ఒక్క పెంకు కూడా తీయొద్దు. ఇల్లు ఒకసారి కూల్చాక "మరమ్మతు" అన్న మాటే ఉండదు.

ప్రశ్న: దేవాదుల కాలువ కింద మాది 1 ఎకరం 12 గుంటలు పోతోంది. అవార్డు, అంటే పరిహారం తేల్చే ఉత్తర్వు, ఇచ్చారు, ధర చాలా తక్కువ. డబ్బు తీసుకుంటే కోర్టుకు పోయే హక్కు ఉండదని ఒకరు, తీసుకోకపోతే డబ్బు డిపాజిట్ చేసి భూమి తీసుకుంటారని ఇంకొకరు చెబుతున్నారు. మా ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?
– ఒక రైతు, జనగామ జిల్లా

జవాబు: అన్నా, ఇద్దరూ చెప్పింది నిజమే, రెంటి మధ్య ఒక దారి ఉంది. డబ్బు తీసుకోండి. తీసుకునేటప్పుడు రశీదు మీద, మీ సంతకం పక్కనే, మీ చేతితో "అభ్యంతరంతో తీసుకుంటున్నాను" అని రాయండి. ఆఫీసుల్లో దీన్నే అండర్ ప్రొటెస్ట్ అంటారు. 2013 భూసేకరణ చట్టం 77వ సెక్షన్‌లో ఈ మాట స్పష్టంగా ఉంది. అభ్యంతరం రాయకుండా డబ్బు తీసుకున్నవాళ్లకు ధర పెంచమని 64వ సెక్షన్ కింద దరఖాస్తు పెట్టే హక్కు ఉండదు. రాసినవాళ్లకు ఉంటుంది.

ఈ రెండు మాటల విలువ మా ఇంట్లోనే తెలిసింది. 1980ల చివర్లో మా ఊరి మీదుగా కాలువ పడింది. బాపుది, అంటే మా నాన్నది, ఎకరంన్నర చెలక, అందులో ఒక మోట బావి. అప్పుడు 1894 నాటి పాత చట్టం. అందులో కూడా ఇదే నియమం ఉంది. బాపుకు చదువు రాదు. డబ్బు ఇచ్చే రోజు వోచర్ మీద వేలిముద్ర వేసి, నోట్లు టవల్‌లో చుట్టుకుని వచ్చాడు. పక్క చెలక మామ ఏడో తరగతి దాకా చదివాడు. ఎవరో వకీలు చెబితే, వేలిముద్ర వేయకుండా సంతకం చేసి పక్కన ఆ మాట రాశాడు. కొన్నేళ్లకు కోర్టు మామ భూమికి ధర పెంచింది. ఒకే గెట్టు, ఒకే మట్టి, ఒకే కాలువ. మామకు పెరిగింది, మాకు పెరగలేదు.

అప్పటికి నేను ఉద్యోగంలో చేరాను. ఆ పాత చట్టంలోనే 28-ఎ అని ఒక సెక్షన్ ఉంది. ఒకే నోటిఫికేషన్ కింద భూమి పోయిన వాళ్లలో ఒకరికి కోర్టు ధర పెంచితే, కోర్టుకు వెళ్లని మిగతావాళ్లు కూడా మూడు నెలల్లోపు కలెక్టర్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ సెక్షన్ నా కంట పడేసరికి ఆ మూడు నెలలు దాటి చాలా కాలమైంది. ఒక రాత్రి ఆఫీసులో వేరే వాళ్ల ఫైలు చూస్తుంటే కనపడింది. చదివి చాలాసేపు కుర్చీలోంచి లేవలేకపోయాను. బాపుకు ఆ సంగతి నేను చెప్పలేదు. ఆయన పోయేదాకా ఆ బావి గురించే మాట్లాడేవాడు. ఈ శీర్షికకు జవాబులు రాయడానికి ఒప్పుకున్నది అందుకే.

కొత్త చట్టంలో అదే 73వ సెక్షన్. గడువు ఇప్పుడూ మూడు నెలలే. మీ ఊళ్లో ఎవరైనా ఇప్పటికే అభ్యంతరం రాయకుండా డబ్బు తీసుకుని ఉంటే, వాళ్లకు ఈ మాట చెప్పండి. మీ కేసు తీర్పు వచ్చిన రోజే వాళ్లు కూడా దరఖాస్తు రాసుకోవాలి.

ఇంకో జాగ్రత్త. మీ ముందు పెట్టిన కాగితం అవార్డు డబ్బుకు రశీదా, లేక ధరకు ఒప్పుకుంటున్నామన్న ఒప్పంద పత్రమా చూసుకోండి. మన రాష్ట్రం చట్టాన్ని సవరించి, రైతుతో మాట్లాడుకుని కొనే పద్ధతి కూడా పెట్టింది. ఒప్పంద పత్రం మీద సంతకం పెట్టాక ధర చాలలేదని అడగడం చాలా కష్టం. ఆ కాగితం ఇంటికి తెచ్చుకుని, చదివించుకుని, మరునాడు సంతకం చేస్తామని చెప్పండి. ఎవరూ కాదనలేరు.

ధర సరిగా కట్టారా అని చూడటానికి అవార్డు కాపీ తీసుకోండి. గత మూడేళ్లలో చుట్టుపక్కల జరిగిన రిజిస్ట్రేషన్లలో ఎక్కువ ధర పలికిన సగాన్ని తీసుకుని సగటు కట్టాలి. ప్రభుత్వ రిజిస్ట్రేషన్ విలువ అంతకంటే ఎక్కువైతే అదే తీసుకోవాలి. పల్లె భూమికి దాన్ని ఒక గుణకంతో హెచ్చించి, బావి, చెట్లు, పైపులైను విలువ కలిపి, మొత్తానికి నూటికి నూరు శాతం సొలేషియం, అంటే భూమి పోయినందుకు ఇచ్చే అదనపు పరిహారం, చేర్చాలి. బావిని లెక్కలో వదిలేశారేమో ముందు అది చూడండి. నా అనుభవంలో ఎక్కువగా పోయేది అదే.

గడువు గట్టిది. అవార్డు ఇచ్చే రోజు మీరు అక్కడ ఉంటే ఆ తేదీ నుంచి ఆరు వారాల్లోపు కలెక్టర్‌కు దరఖాస్తు పెట్టాలి. లేకపోతే నోటీసు అందినప్పటి నుంచి ఆరు వారాలు, లేదా అవార్డు నుంచి ఆరు నెలలు, ఏది ముందైతే అది. ఆ దరఖాస్తును కలెక్టర్ 30 రోజుల్లో, ధర వివాదాలు తేల్చే భూసేకరణ అథారిటీకి పంపాలి. మీరు ఉత్తరంలో అవార్డు తేదీ రాయలేదు. ఈ పత్రిక చేతికి అందిన రోజే ఆ తేదీ చూసి, ఆరు వారాలు ఎప్పటికవుతాయో లెక్కేసి, ఇంట్లో క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో చుట్టండి. డబ్బుకు వెళ్లే రోజు మీ ఇంట్లో రాయగలిగిన పిల్లను వెంట తీసుకుపోండి.